రందిని కాగితం మీద దింపుకునే తీరు: చేతితో డైరీ రాయడం ఎలా మొదలుపెట్టాలి

మీ ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండర్‌ను ఒకసారి దగ్గరికి పోయి చూడండి. గ్యాస్ మార్చిన తారీఖు, పాలు రాని రోజు మీద గీత, మహిళా సంఘం కిస్తీ కట్టే రోజు చుట్టూ సున్నా. పత్తి చేనున్న ఇంట్లో కూలీల లెక్క రాసే చిన్న పుస్తకం వేరే ఉంటుంది. బీడీలు చేసే ఇంట్లో ఆకు, తంబాకు లెక్క. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద దిగిన మీటర్ల లెక్క. "మాకు రాసే అలవాటు లేదు" అని ఎవరన్నా నేను ఒప్పుకోను. రాస్తూనే ఉన్నాం. కాకపోతే రూపాయి రాస్తాం, ఆ రూపాయి కోసం పడ్డ రంది, అంటే మనసులోని దిగులు, రాయం.

ఆ రందిని కూడా రాయడం ఎట్లాగో ఇక్కడ చెప్తాను. కవిత్వం అక్కర్లేదు, అందమైన చేతిరాత అక్కర్లేదు, తెల్లారుజామున లేవాల్సిన పని లేదు. మీరు ఇప్పటికే రాస్తున్న లెక్క పక్కన ఒక్క వాక్యం చేరిస్తే చాలు, డైరీ మొదలైనట్టే.

పుస్తకం, పెన్ను

పిల్లలు బడికి తీసుకుపోయే రూళ్ల నోట్‌బుక్కు కొనండి. వంద పేజీలది చాలు. హనుమకొండ చౌరస్తాలో దొరికేదే మీ ఊరి కిరాణంలోనూ దొరుకుతుంది. అట్ట గట్టిగా ఉండి, ఒళ్లో పెట్టుకుని రాయడానికి వీలుగా ఉంటే అంతకన్నా ఏమీ చూడక్కర్లేదు. ఖరీదైన తోలు అట్ట డైరీ కొంటే అందులో మామూలు మాట రాయడానికి చెయ్యి రాదు. గొప్పగా ఏదో రాయాలనిపిస్తుంది, ఆ ఏదో రాక పుస్తకం బీరువాలో ఉండిపోతుంది.

కొత్త సంవత్సరానికి ఎరువుల దుకాణం వాళ్లో ఇన్సూరెన్స్ ఏజెంటో ఇచ్చిన డైరీ ఇంట్లో ఉంటే వాడుకోవచ్చు. కానీ అచ్చేసిన తారీఖును పట్టించుకోకండి. వారం రాయకపోతే ఆ ఏడు ఖాళీ పేజీలు మిమ్మల్ని తప్పు చేసినట్టు చూస్తాయి. అచ్చు తారీఖును కొట్టేసి, రాసిన రోజు తారీఖును మీ చేత్తో వేసుకుంటూ పోండి.

పెన్ను మామూలు బాల్ పెన్ను మంచిది. ఇంకు పెన్ను రాత బాగుంటుంది గాని తడి తగిలితే అక్షరం కరిగిపోతుంది. పెన్నును పుస్తకానికి దారంతో కట్టేయండి. రాద్దామని కూర్చున్న మనిషి పెన్ను కోసం లేచి, దారిలో టీవీ దగ్గర ఆగిపోవడం చాలా ఇళ్లలో జరిగేదే.

ఎప్పుడు రాయాలి

గడియారం చూసి టైం పెట్టుకోకండి. రోజూ తప్పక చేసే ఏదో ఒక పనికి దీన్ని జత చేయండి. బాసండ్లు తోముడు అయిపోయాక. బర్లకు గడ్డేసి వచ్చాక. సింగరేణిలో పనిచేసేవారికి వారం వారం షిఫ్టు మారుతుంది కాబట్టి "రాత్రి తొమ్మిదింటికి" అనే నియమం నడవదు. "డ్యూటీ దిగి స్నానం చేశాక" అనేది ఏ షిఫ్టులోనైనా నడుస్తుంది. ఐదు నిమిషాలు చాలు. మిర్చి ఏరే రోజుల్లో ఐదు నిమిషాలు కూడా ఉండవు, ఆ రోజుల్లో మూడు మాటలు రాసి మూసేయండి.

మొదటి పది రోజులు: లెక్క, దాని కింద ఒక వాక్యం

పైన ఆ రోజు లెక్క రాయండి. కూలీలు, ఖర్చు, వచ్చిన ఫోన్లు, తిన్న మందు గోళీ, ఏదైనా సరే. దాని కింద, ఆ లెక్కలో మీ మనసుకు తగిలిన దాని గురించి ఒక్క వాక్యం. ఇట్లా:

"పత్తి ఏరనీకి ఆరుగురు వచ్చిండ్రు. చిన్నోని ఫీజుకు కాలేజోళ్లు ఫోన్ చేసిండ్రు. ఫోన్ చూడంగనే కడుపుల తిప్పినట్టయింది. ఎందుకంటే పైసలు లేవని ఆళ్ల నాయినకు ఇంకా చెప్పలే."

ఇంతే. ఇందులో జరిగింది ఉంది, అనిపించింది ఉంది, ఎందుకో కూడా ఉంది. ఈ మూడూ కలిసి ఉండటమే ముఖ్యం. ఇది నా సొంత అభిప్రాయం కాదు. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థులను వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను బాగా కలిచివేసిన సంఘటన గురించి రాయమన్నారు. కొందరు జరిగింది మాత్రమే రాశారు. కొందరు తమకు అనిపించింది మాత్రమే రాశారు. కొందరు రెండూ రాశారు. ఇంకొందరు మామూలు విషయాలు రాశారు. ఆ తర్వాతి నెలల్లో, రెండూ కలిపి రాసినవాళ్లు కాలేజీ ఆరోగ్య కేంద్రానికి పోవడం తగ్గింది. జరిగింది మాత్రమే రాసినవాళ్లకూ మామూలు విషయాలు రాసినవాళ్లకూ పెద్ద తేడా కనబడలేదు.

అంటే లెక్క ఒక్కటే రాస్తే మనసు తేలిక కాదు. బాధ ఒక్కటే రాసినా చాలదు. దేని వల్ల ఏమనిపించిందో అదే పేజీలో కలవాలి. పెన్నెబేకర్ తర్వాతి పనిలో ఇంకొకటి తెలిసింది. రోజులు గడిచేకొద్దీ రాతలో "ఎందుకంటే", "అందుకే", "ఇప్పుడు అర్థమైంది" లాంటి మాటలు పెరిగినవాళ్లకు ఎక్కువ మేలు జరిగింది. కాబట్టి వాక్యం ఆగిపోయినప్పుడల్లా "ఎందుకంటే" అని రాసి కాసేపు చూడండి. చెయ్యి దానంతట అదే ముందుకు పోతుంది.

దీని మేలును ఎక్కువ చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. 2006లో 146 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో మేలు ఉన్నది నిజమేనని, అయితే అది చిన్నదేనని తేలింది. అప్పును తీర్చదు, బీపీని మాయం చేయదు. రూపాయి ఖర్చు లేకుండా, ఎవరినీ అడగకుండా, మీ చేతిలో ఉన్న పెన్నుతో వచ్చే చిన్న మేలు అది. నా లెక్కలో అది తక్కువేమీ కాదు.

మీరు మాట్లాడినట్టే రాయండి

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పెన్ను పట్టగానే బడి తెలుగు గుర్తొస్తుంది. "నేను మిక్కిలి చింతించితిని" అని రాస్తే ఆ చింత మీది కాదు, పాఠ్యపుస్తకానిది. "మస్తు బాధైంది" అని రాయండి. "మనాది పట్టుకుంది" అని రాయండి. తిట్టు వస్తే తిట్టు రాయండి. జనం మాట్లాడే తీరులోనే రాయాలని జీవితమంతా పట్టుబట్టిన కాళోజీ నారాయణరావు మన హనుమకొండలోనే బతికారు. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ గౌరవం సభల దగ్గర ఆగిపోకుండా మీ నోట్‌బుక్కులోకి కూడా రావాలని నా కోరిక. ఉర్దూ మాట కలిసినా, ఇంగ్లీషు మాట కలిసినా, ఒత్తు తప్పినా దిద్దకండి.

అక్షరాలు కూడబలుక్కుని రాసేవాళ్లకు ఒక మాట. వాక్యం రాయలేకపోతే రెండు ముక్కలు రాయండి: "నిద్ర లే. బిడ్డ." మీకు అర్థమైతే సరిపోతుంది. అది కూడా కష్టమైతే క్యాలెండర్ గడిలో గుర్తు పెట్టండి. మనసు బాగున్న రోజుకు చుక్క, బాగలేని రోజుకు అడ్డగీత. నెల గడిచాక ఆ గడులు చాలా చెప్తాయి.

ఫోన్‌లో రాస్తే కాదా?

మనసులోది రాస్తే వచ్చే మేలు టైపు చేసినా వస్తుంది. ఇప్పుడు చెప్పిన తరహా ప్రయోగాలు కొన్ని చేతిరాతతో, కొన్ని కంప్యూటర్ మీద జరిగాయి. అయినా నేను చెయ్యినే నమ్ముతాను. 2024లో నార్వే పరిశోధకులు 36 మంది విద్యార్థుల తల మీద సెన్సార్లు పెట్టి, వాళ్లు చేత్తో మాటలు రాసేటప్పుడూ కీబోర్డు మీద కొట్టేటప్పుడూ మెదడును చూశారు. చేతిరాతలో మెదడులోని వేర్వేరు భాగాల మధ్య సంబంధం చాలా విస్తారంగా కనిపించింది. అది నేర్చుకోవడానికీ జ్ఞాపకానికీ సంబంధించిన పరిశోధన, మనశ్శాంతి గురించినది కాదు. ఆ తేడాను దాచి చెప్పడం సరికాదు.

నాకు అంతకన్నా పెద్ద కారణం మామూలుది. ఫోన్ తీసి రెండు ముక్కలు రాసేలోపు వాట్సాప్ మోగుతుంది, రీల్ ఒకటి తెరుచుకుంటుంది, రాద్దామనుకున్నది పోతుంది. పైగా మనలో చాలామంది ఫోన్‌లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. చెయ్యి మెల్లగా నడుస్తుంది కాబట్టి, కోపంలో ఉన్న మనిషి కూడా ఒక మాట నుంచి ఇంకో మాటకు పోయేలోపు కొంచెం ఆగాల్సి వస్తుంది. ఆ ఆగడంలో అసలు కోపం ఎవరి మీదో తెలుస్తుంది.

బరువైన విషయం ఉంటే: నాలుగు రోజుల పద్ధతి

ఒక్క వాక్యానికి లొంగనివి కొన్ని ఉంటాయి. పోయిన మనిషి. గల్ఫ్ పోయి ఫోన్ చేయడం తగ్గించిన మనిషి. రెండు మార్కుల తేడాతో చేజారిన ఉద్యోగం. అన్నదమ్ముల మధ్య ఆగిపోయిన మాటలు. వీటికి ఆ 15 నిమిషాల పద్ధతినే వాడుకోవచ్చు. దెబ్బ తగిలి ఇంకా కొన్ని రోజులే అయితే మాత్రం తొందరపడకండి, కొన్ని వారాలు గడవనివ్వండి.

వరుసగా నాలుగు రోజులు ఎంచుకోండి. ఫోన్‌లో 15 నిమిషాలకు అలారం పెట్టి, ఫోన్‌ను వేరే అర్రలో పెట్టండి. ఆగకుండా రాయండి. మాట తోచకపోతే ముందు వాక్యాన్నే మళ్లీ రాయండి. మొదటి రోజు ఏం జరిగిందో, అప్పుడు మీకెట్లా అనిపించిందో. రెండో రోజు అదే విషయంలోకి ఇంకాస్త లోతుగా, ఎవరికీ చెప్పనిది. మూడో రోజు, ఇది మీ బతుకులో ఇంకా వేటితో ముడిపడి ఉందో: ఇంట్లోవాళ్లతో, చిన్నతనంతో, మీరు చేసే పనితో. నాలుగో రోజు, ఇప్పుడు వెనక్కి చూస్తే ఏం కనిపిస్తోందో, ఇక ముందు ఏం చేద్దామనుకుంటున్నారో.

రాసిన వెంటనే హాయిగా ఉంటుందని అనుకోకండి. ఆ మొదటి ప్రయోగంలో కూడా రాసిన కాసేపటి వరకు విద్యార్థుల మనసు ఇంకా దిగులుగానే ఉంది, మేలు తర్వాత నెమ్మదిగా వచ్చింది. అందుకే పడుకునే ముందు ఈ పని పెట్టుకోవద్దు. రాశాక తిరగడానికి కొంత టైం ఉంచుకోండి. వరంగల్‌లో ఉంటే భద్రకాళి బండ్ మీద ఒక చుట్టు నడవండి. ఊళ్లో ఉంటే చేను దాకా పోయి రండి.

రాస్తుంటే ఊపిరాడనట్టు, తట్టుకోలేనట్టు అనిపిస్తే వెంటనే ఆపేయండి. ఆ విషయాన్ని వదిలి, కొంచెం తేలికైన దాని గురించి రాయండి. ఇందులో పట్టుదలకు పోవద్దు.

అదే మాట తిరిగి తిరిగి వస్తుంటే

వారం నుంచి అత్త అన్న అదే మాట, ఆఫీసర్ చేసిన అదే అవమానం పేజీ పేజీలో వస్తోందనుకోండి. అప్పుడు రాత మిమ్మల్ని తేలిక చేయడం మానేసి, పుండును గెలకడం మొదలుపెట్టిందని అర్థం. రాయడం ఆపొద్దు, రాసే తీరు మార్చండి. "నేను" అని కాకుండా మీ పేరుతో, పక్కింటి మనిషి గురించి రాస్తున్నట్టు రాయండి: "లక్ష్మికి ఇయ్యాల కోపమొచ్చింది. లక్ష్మి ఎందుకు నోరు తెరవలే?" దూరం నుంచి చూస్తే కనిపించేవి వేరే ఉంటాయి. లేదంటే ఆ మనిషికే ఒక ఉత్తరం రాయండి, ఇవ్వడానికి కాదు, చింపేయడానికి. అదీ కాకపోతే పేజీ మధ్యలో గీత గీసి, కింద "రేపు నేను చేయగలిగే ఒక్క పని" అని రాసి దాన్ని నింపండి.

నిద్ర పట్టనివాళ్లకు

హనుమకొండలో నయీంనగర్, సుబేదారి హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఇది తప్పక చేయాలి. పడుకునే ముందు ఐదు నిమిషాలు, రేపటి నుంచి చేయాల్సిన పనులను ఒక్కొక్కటిగా రాయండి. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో 57 మంది యువతీయువకులతో చేసిన ప్రయోగంలో, చేయాల్సినవి రాసినవాళ్లు, చేసేసినవి రాసినవాళ్లకన్నా సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత తొందరగా నిద్ర పట్టింది. "ఎకానమీ చదవాలి" అని కాదు, "పొద్దుగాల ఎకానమీలో బడ్జెట్ చాప్టర్, తర్వాత గ్రంథాలయానికి పోయి పాత పేపర్ ఒకటి" అని రాయండి.

మంచి విషయాలు రాయడం గురించి కూడా అడుగుతారు. వారానికోసారి, మీకు మేలు చేసిన మనుషులనో సంగతులనో నాలుగైదు రాసుకోండి. రోజూ రాస్తే అది హాజరు పలికినట్టు అయిపోతుంది.

ఎవరైనా చదివితే?

మన ఇళ్లలో అసలు భయం ఇదే. రెండు అర్రల ఇంట్లో ఆరుగురు ఉంటే దాచుకునే చోటు ఎక్కడిది? అందుకే మొదటి రోజే ఇంట్లో మామూలు గొంతుతో చెప్పేయండి: "ఇది నా లెక్కల పుస్తకం, ఎవరు ముట్టొద్దు." పైన నిజంగానే లెక్క ఉంటుంది కాబట్టి అబద్ధం కూడా కాదు. మనుషుల పేర్ల బదులు ఒక అక్షరం వాడండి.

ఇంకో దారి ఉంది, నాకు చాలా నచ్చేది. విడి కాగితం మీద రాసి, చింపి పొయ్యిలో వేయండి. రాస్తున్నప్పుడు మనసులో జరిగే పని అప్పుడే జరిగిపోతుంది. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉన్న ఆడవాళ్లు ఈ దారే పట్టాలి. ఆ కాగితం ఇంట్లో ఉండకూడదు. అట్లాంటి పరిస్థితిలో రాతతో పాటు 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయడం కూడా గుర్తుంచుకోండి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఇంటర్ చదివే బిడ్డ బ్యాగులో నోట్‌బుక్కు కనబడితే తెరవకండి. బిడ్డ ముభావంగా ఉంటే పక్కన కూర్చుని అడగండి, అన్నం కలిపి పెట్టి అడగండి. దొంగచాటుగా చదివిన రోజుతో ఆ బిడ్డ రాయడం ఆగిపోతుంది, మీతో మాట్లాడటం కూడా ఆగిపోతుంది.

నడుమ ఆగిపోతే

ఆగిపోతారు. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో, పెళ్లిళ్ల సీజన్‌లో, మేడారం జాతరకు పోయి వచ్చిన వారంలో ఎవరూ రాయరు. వెనకటి రోజులను గుర్తు చేసుకుని నింపడానికి కూర్చోకండి. ఇయ్యాల్టి తారీఖు వేసి, ఇయ్యాల్టి వాక్యం రాయండి.

తిరిగి చదవడం

రాసిన వారంలోనే చదవకండి, ఇంకా వేడిగా ఉంటుంది. రెండు మూడు నెలలకోసారి, పనులు సద్దుమణిగిన మధ్యాహ్నాల్లో తీరిగ్గా చదవండి. ఏది ఎప్పుడెప్పుడు వస్తోందో చూడండి. తలనొప్పి ఏ రోజుల్లో వచ్చింది? నిద్ర లేని రాత్రికి ముందు రోజు ఏం జరిగింది? కిస్తీ తారీఖు దగ్గరికి వచ్చినప్పుడల్లా పిల్లల మీద చెయ్యి లేస్తోందా? లెక్కా మనసూ ఒకే పేజీలో ఉండటం ఇక్కడ పనికొస్తుంది.

డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు ఆ పుస్తకం లోంచి తారీఖులు ఒక చీటీ మీద ఎక్కించుకుని పోండి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో ఓపీ లైను ఎంత ఉంటుందో మీకు తెలుసు. లోపలికి పోయాక దొరికేది కొద్ది నిమిషాలే. "ఎప్పుడో ఒకసారి వస్తది సార్" అనేదానికన్నా, "ఈ నెల ఐదుసార్లు, ఎక్కువగా పొద్దుగాల" అని చెప్పడం డాక్టర్‌కు ఎంతో ఉపయోగం.

ఒక్క విషయంలో మాత్రం తిరిగి చదివేదాకా ఆగొద్దు. "బతకాలని లేదు" అనే మాట మీ పేజీలో వచ్చిందంటే, అది పుస్తకంలో మాత్రమే ఉండాల్సిన మాట కాదు. ఆ రోజే మీకు దగ్గరి మనిషికి ఒకరికి చెప్పండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే తాళం వేసి తాళంచెవి వేరేవాళ్లకు ఇవ్వండి. 14416కు ఫోన్ చేయండి. ఇది 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, పగలూ రాత్రీ పనిచేస్తుంది, పైసలు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి పోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నిండిన పుస్తకాలు

అట్ట మీద మొదలైన తారీఖు, ముగిసిన తారీఖు రాయండి. పాలిథిన్ కవర్‌లో చుట్టి, ఎండిన వేపాకు కొంచెం వేసి, సజ్జ మీద పెట్టండి. కింది అరల్లో, మంచం కింద పెట్టొద్దు. 2023 జూలై వానలకు వరంగల్, హనుమకొండ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు ముందు తడిసినవి కింద ఉన్న కాగితాలే. ఉంచుకోవాలని లేకపోతే పాత పేపర్లవాళ్లకు వేయకండి, మీ చేత్తో చింపి కాల్చేయండి. కొత్త నోట్‌బుక్కు మాత్రం పాతదాంట్లో ఇంకా నాలుగు పేజీలు ఉండగానే తెచ్చిపెట్టుకోండి.